సెట్లు బాగానే ఉన్నాయి, మాట్లాడే పద్ధతే లేదు

సంపాదకులకు,

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో జాతర బందోబస్తు మీద వార్త వేశారు. వాకీటాకీలు సరిగా పనిచేయక వలంటీర్లు ఇబ్బంది పడ్డారని, వచ్చేసారికి కొత్త సెట్లు కొంటారని అందులో ఉంది. ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు. ఆ జాతరలో నేనూ వలంటీరునే, హామ్ రేడియో (వ్యాపారానికి కాకుండా అభిరుచితో నడిపే రేడియో) లైసెన్సు ఉన్నవాణ్ని. సెట్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. వాటిని చేతికిచ్చేటప్పుడు ఎట్లా మాట్లాడాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సంతకం తీసుకున్నారు, సెట్టు ఇచ్చారు, అంతే.

అందరికీ ఒకటే చానల్. ఒకరు బటన్ నొక్కితే మిగతావాళ్లంతా వినాల్సిందే. ఇద్దరు ఒక్కసారే నొక్కితే కీచుమనే మోత తప్ప ఎవరి మాటా అర్థం కాదు. అలాంటి చానల్‌లో పొద్దున్నే "సార్ గుడ్ మార్నింగ్ సార్" మొదలైంది. తర్వాత టిఫిన్ వచ్చిందా, ఉప్మానా పులిహోరనా అని. మధ్యాహ్నం ఒకాయన సెట్టును జీపు సీట్లో పడేసి దాని మీదే కూర్చున్నాడు. బటన్ నొక్కుకుపోయింది. ఇంజన్ చప్పుడు, డ్రైవరు పెట్టుకున్న పాట, ఎవరిదో భూమి పంచాయితీ ముచ్చట మా అందరి చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. అదే టైంలో చెరువుకట్ట దగ్గర తప్పిపోయిన పాప దొరికిందని చెప్పడానికి ఓ కాలేజీ పిల్లవాడు నానా తంటాలు పడ్డాడు. తల్లేమో కంట్రోల్ రూం ముందు కూలబడి ఏడుస్తోంది. చివరికి ఆ పిల్లవాడే జనాన్ని తోసుకుంటూ ఉరికొచ్చి చెప్పాడు. కొత్త సెట్లు కొంటే ఇది ఆగుతుందా?

నేర్పాల్సింది కొండంత ఏమీ లేదు. ముందు కాసేపు వినాలి, చానల్ ఖాళీగా ఉంటేనే నొక్కాలి. ఎవరిని పిలుస్తున్నామో మొదట చెప్పి, తర్వాత మనమెవరో చెప్పాలి. నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. వదిలేటప్పుడు తొందరపడితే ఇంకా ప్రమాదం. "బండ్లను ఇటు పంపొద్దు" అన్నదాంట్లో చివర తెగితే అవతలివాడు పంపమన్నారనే అనుకుంటాడు. ఊరి పేరు చెప్తే మండలం కూడా చెప్పాలి. మన పాత వరంగల్ జిల్లాలో కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి అని అంబులెన్సు వెళ్లాలి? ఫోన్ నంబర్లు, ఆడపిల్లల పేర్లు, ఇంటి వివరాలు చానల్‌లో చదవకూడదు. ఆ ఫ్రీక్వెన్సీ పెట్టుకున్న ఎవరికైనా అవి వినిపిస్తాయి. ప్రాణం మీదికి వచ్చిన కబురు ఒకటి వస్తే మిగతావాళ్లంతా నోరు మూసుకోవాలి, సాయం చేయగలిగినవాళ్లు తప్ప.

రిపీటర్ ఉన్నచోట జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అయిదు వాట్ల చేతిసెట్టు మాట చెట్లు, బిల్డింగులు అడ్డొస్తే ఎంతో దూరం పోదు. గుట్ట మీదో ఎత్తైన మేడ మీదో పెట్టిన రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో పంపిస్తుంది కాబట్టే దూరం పోతుంది. ఒకరు ఆగకుండా మాట్లాడితే అది మొత్తం ప్రాంతానికీ మూగబోయినట్టే. అందుకే చాలా రిపీటర్లకు మాట సాగదీస్తే తనంతట తానే కట్ చేసే టైమర్ పెడతారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేటప్పుడు మధ్యలో రెండు క్షణాలు ఖాళీ వదలమనేది కూడా ఆపదలో ఉన్నవాడు దూరి పిలవడానికే.

హామ్ లైసెన్సు కావాలంటే కేంద్ర టెలికాం శాఖ పరీక్ష రాయాలి, నియమాలు చదవాలి. ప్రతిసారీ కాల్‌సైన్, అంటే లైసెన్సుతో ఇచ్చిన గుర్తింపు పేరు, చెప్పాలి. పాటలు, వ్యాపారం మాటలు నిషేధం. 1983లో హైదరాబాద్‌లో పెట్టిన జాతీయ అమెచ్యూర్ (హామ్) రేడియో సంస్థ ఉండగా నేర్పేవాళ్లు లేరనే మాట చెల్లదు. ఆన్‌లైన్‌లో కొన్న చవక సెట్లతో పెళ్లి ఈవెంట్లవాళ్లు తోచిన ఫ్రీక్వెన్సీలో దూరుతున్నా అడిగేవారు లేరు. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లాంటి కొద్ది చోట్లే ఉన్నాయి, అదీ తక్కువ పవర్‌తోనే. లైసెన్సు కావాల్సిన సెట్లను ఆన్‌లైన్‌లో ఇష్టమొచ్చినట్టు అమ్మొద్దని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

మన దగ్గర ఏ పనైనా కొనుగోలు దగ్గరే మొదలై అక్కడే ముగుస్తోంది. టెండరు, ఫోటో, ప్రెస్ నోటు. వాడేవాడికి గంటసేపు నేర్పడానికి మాత్రం తీరిక ఉండదు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తి, జనం ఇళ్ల పైకప్పులు ఎక్కిన సంగతి ఇంత త్వరగా మరిచిపోయారా? అట్లాంటి రాత్రి సెల్ టవర్లు పడిపోతే మిగిలేది ఈ ఒక్క చానలే. ఆ రాత్రి కూడా ఉప్మా ముచ్చట్లేనా?

అధికారులకు నా మాట ఇది: కొత్త సెట్లకు పెట్టే డబ్బులో పిసరంత తీసి, ఈ నియమాలన్నీ తెలుగులో ఒకే పేజీకి అచ్చు వేయించండి. సెట్టుతో పాటు అది కూడా ఇవ్వండి. వానాకాలం రాకముందే ప్రతి మండలంలో ఒక పూట శిక్షణ పెట్టండి. మాట్లాడి చూపించనివాడి చేతికి సెట్టు ఇవ్వకండి. పిలిస్తే నాలాంటి హామ్‌లు పైసా తీసుకోకుండా వచ్చి నేర్పుతారు.

— ఒక హామ్ లైసెన్సుదారు, హన్మకొండ