నీ సుత్తి సంగతి

బుజ్జీ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. పదమూడు వస్తువులు, అందులో సుత్తులే మూడు! రాళ్లు ఏరడానికి వెళ్తున్నావా, కొండని పిండి చేయడానికా? ఒక్క సుత్తి చాలు. కాకపోతే ఆ ఒక్కటీ సరైనది అయ్యుండాలి.

ఇంట్లో మేకులు కొట్టే సుత్తి మాత్రం పట్టుకెళ్లకు. మొదట్లో నేను చేసిన పని అదే. నల్లరాతి అంచు మీద నాలుగు దెబ్బలు వేశానో లేదో, సుత్తి నుంచే చిన్న పెచ్చు లేచి చెంపకి తగిలింది. కంటికి రెండు వేళ్ల కింద. మీ అమ్మకి రాతిముక్క తగిలిందనే చెప్పాను, ఈ ఉత్తరం తనకి చూపించకు.

తల, పిడి కలిపి ఒకే ఉక్కుతో చేసిన సుత్తి తీసుకో, తల ఊడుతుందన్న భయం ఉండదు. 600 గ్రాముల దగ్గర ఉంటే నీ చేతికి సరిపోతుంది. గ్రానైట్ లాంటి గట్టిరాళ్లకైతే వెనక కొస మొనదేలి ఉండాలి. నువ్వు వెతికేది శిలాజాలు కాబట్టి, పొరలు విడదీయడానికి ఉలిలా వెడల్పు కొస ఉన్నదే కొను. అలాగని ఆ కొసని రాతి మీద ఆనించి ఇంకో సుత్తితో బాదకు. రెండు వైపులా గట్టి ఉక్కే, మళ్లీ పెచ్చులే. దానికి ఉలి వేరే ఉండాలి. గాగుల్స్ రెండు జతలు ఉంచుకో, పక్కన నిలబడి చూసే ఫ్రెండ్‌కి కూడా కళ్లున్నాయిగా.

మిగిలిన డబ్బంతా లెన్స్ మీద పెట్టు. 10 రెట్లు చూపించేది చాలు. 20 రెట్లదైతే కనిపించే మేర బాగా చిన్నదైపోతుంది, వెలుతురూ తగ్గుతుంది. లెన్స్‌ని కంటికి దాదాపు ఆనించి, రాయిని దాని దగ్గరికి తీసుకురా. చొక్కా అంచుతో తుడిచావో, అయిపోయిందే! రాతి దుమ్ములో పలుగురాయి రేణువులు ఉంటాయి, అవి గాజుని గీసేస్తాయి. నా పాత లెన్స్ మసకబారింది అలాగే. ముందు ఊది దుమ్ము పోగొట్టి, తర్వాతే మెత్తటి గుడ్డ.

లిస్టులో లేనిది ఒకటి చేర్చు: మెరుపు పూత లేని తెల్ల పింగాణీ పలక, గీత రంగుని బట్టి రాయి ఏదో పోల్చుకోవడానికి. ఉక్కులా మెరిసే హెమటైట్ అనే ఇనుప ఖనిజాన్ని దాని మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది. బంగారంలా ఊరించే పైరైట్ అనే ఖనిజాన్ని గీస్తే నల్లగా వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ రాయిని నేను పదిసార్లు గీసుంటాను.

ఇంటికి రాగానే ఎంత అలసటగా ఉన్నా సుత్తికి అంటిన మట్టి కడిగి, పొడిగా తుడిచి, ఒక చుక్క నూనె రాయి. తడి రాళ్లతో కలిపి రాత్రంతా సంచిలో వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. పైరైట్ ముక్కల్ని అసలు పనిముట్ల పెట్టెలో ఉంచకు. చెమ్మ తగిలితే వాటి నుంచి ఆమ్లం పుడుతుంది, ఇనుమునే కాదు, నువ్వు రాసిన చీటీలనీ తినేస్తుంది.

ఉలి కొనకు, నాది పంపుతున్నాను. దెబ్బలకి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే నిన్ననే గ్రైండర్ మీద పట్టించి సరిచేశాను. పట్టుకునే చోట చుట్టిన పాత సైకిల్ ట్యూబు మాత్రం బాగా అరిగిపోయింది, నీకు నచ్చినది చుట్టుకో.

నాన్న