ఎంచిలాడాలో కూర మీ ఇష్టం, మిరప సాస్ మాత్రం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో వంటల పేజీలో 'ఇంట్లోనే ఎంచిలాడా' అని, మిరప సాస్‌లో రొట్టె ముంచి, కూర పెట్టి మడిచే మెక్సికో వంటకం గురించి వేశారు. అది చూశాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ముప్పై ఏళ్ళు కరెంటు ఆఫీసులో బిల్లులు సరిచూసినవాణ్ణి. తప్పు కంటపడితే చెయ్యి ఊరుకోదు.

ఏడాదిన్నరగా నేనూ, మా ఆవిడా మెక్సికోలో, కెరెటారో అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. రాజధాని మెక్సికో సిటీ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళిపోతే ఇంట్లో వంట మా ఇద్దరిదే. మా ఆవిడ అన్నం, పప్పు వదలదు కాబట్టి ఈ దేశపు వంటలన్నీ నా వాటాకి వచ్చాయి. ఎదురింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు స్పానిష్ రాదు. ఫోన్లో అనువాదం యాప్ పెట్టుకుని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఇక మీ పేజీ సంగతి. మైదా చపాతీలు చేసుకోమన్నారు. లోపల పెట్టుకోవడానికి పదకొండు రకాల స్టఫింగులు లెక్కపెట్టి మరీ ఇచ్చారు. సాస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'పైన టొమాటో కెచప్ పోసి, చీజ్ చల్లి, అరగంట ఓవెన్‌లో పెట్టండి' అని ఒక్క వాక్యంతో తేల్చేశారు. మా ఆవిడకి చదివి వినిపిస్తే, "ఇది మాత్రం ఎదురింటావిడకి చెప్పకండి, పెద్ద ప్రాణం" అంది.

ఎంచిలార్ అంటే స్పానిష్‌లో మిరప పట్టించడం. ఎంచిలాడా అంటే మిరప పట్టించినది. అంతే. ఆ పేరులో కోడి లేదు, చీజ్ లేదు, బంగాళాదుంప లేదు. లోపల ఏం పెట్టినా, ఏమీ పెట్టకపోయినా అది ఎంచిలాడానే. సాస్ మారితే మాత్రం పేరే మారిపోతుంది. టొమాటో సాస్‌లో ముంచితే ఎంతొమటాడా. ఉడికించి రుబ్బిన బీన్స్‌లో ముంచితే ఎంఫ్రిహొలాడా. మోలే అనే చిక్కటి మసాలా గుజ్జులో ముంచితే ఎన్మొలాడా. ఈ లెక్కన మీరు వేసినదానికి ఎంకెచపాడా అని పేరు పెట్టాలి.

మిరపకాయలు వేయించడం నాకొకరు నేర్పాలా అనే ధీమాతో మొదటిసారి నేనూ బోల్తా పడ్డాను. ఇక్కడ ఎర్ర ఎంచిలాడాకి వాడే ఎండుమిరప గ్వాహియో. నున్నటి తోలు, ముదురెరుపు రంగు, కారం తక్కువ. దానికి తోడు ఆంచో అని ఇంకోటి. ముడతలు పడి, వెడల్పుగా, కాస్త తియ్యగా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని పొబ్లానో అంటారు, ఎండితే ఆంచో అవుతుంది. హలపేన్యో అనే పచ్చిమిరపని పొగబెట్టి ఎండబెడితే చిపోత్లే. మనం పచ్చిమిరప, ఎండుమిరప అని రెండు మాటలతో సరిపెట్టుకుంటాం. వీళ్ళు ఎండితే చాలు బారసాల మళ్ళీ చేస్తారు.

తొడిమలు తీసి, గింజలు దులిపి, పెనం మీద వేసి, మన పద్ధతిలో కమ్మటి వాసన వచ్చి నల్లబడేదాకా ఉంచాను. ఇల్లంతా దగ్గులు. సరే, రుబ్బాను, పొయ్యి మీద పెట్టాను, గిన్నెలో పోసుకుని గర్వంగా ఎదురింటికి పట్టుకెళ్ళాను. ఆవిడ చెంచా కొసతో నాలుక మీద వేసుకుని ఒకటే మాట అన్నారు: "అమార్గో." యాప్ అక్కర్లేకుండానే అర్థమైంది, చేదు అని. నా కళ్ళముందే సింకులో పారబోశారు.

ఈ మిరపకాయ పెనం తాకి కాస్త రంగు తిరిగి, వాసన లేస్తే చాలట. ఒక్కో వైపు పది లెక్కపెట్టేలోపు తీసెయ్యాలి. తర్వాత వేడినీళ్ళలో 20 నిమిషాలు నాననివ్వాలి. మా ఐదుగురికి 8 గ్వాహియోలు, 2 ఆంచోలు, 3 వెల్లుల్లి రెబ్బలు, పావు ఉల్లిపాయ, చిటికెడు ఒరెగానో, ఉప్పు. నానబెట్టిన నీళ్ళు ఒక్కోసారి చేదెక్కుతాయి, రుచి చూసి అప్పుడు వాడుకోవాలి. మెత్తగా రుబ్బి తప్పకుండా వడకట్టాలి, లేకపోతే మిరప తొక్క గొంతులో పడుతుంది.

ఆ తర్వాతది అసలు పని. మందపాటి మూకుడులో రెండు చెంచాల నూనె కాగాక ఈ రుబ్బినదంతా ఒక్కసారి పొయ్యాలి. చుర్రుమని చిమ్ముతుంది, మూత దగ్గర పెట్టుకోండి. పది నిమిషాలు సన్నటి మంట మీద ఉంటే పచ్చివాసన పోయి, ఇటుక రంగు కాస్తా ముదిరి చిక్కబడుతుంది. చారు కన్నా చిక్కగా, పులుసు కన్నా పల్చగా ఉండాలి. మీ పేజీలో పదకొండు స్టఫింగుల చోటు ఈ పది నిమిషాలకి ఇచ్చి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

గ్వాహియో దొరకని పాఠకులు కారం తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే ఎండుమిరప ఏదైనా తీసుకోవచ్చు. మంట మండే రకం మాత్రం వద్దు, సాస్‌లో మనిషి మునిగేంత మిరప పడుతుంది కదా.

ఇక మైదా చపాతీ. తొర్తియా అంటే వీళ్ళ పల్చటి రొట్టె. గోధుమ తొర్తియాలు మెక్సికోలో లేవని కాదు, ఉత్తరాది రాష్ట్రాల్లో, సొనోరాలాంటి చోట్ల అవే ఇష్టంగా తింటారు. కానీ ఎంచిలాడాకి మొక్కజొన్న తొర్తియానే. మైదాది సాస్‌లో ముంచగానే నాని ముద్దవుతుంది. మొక్కజొన్న అంటే పిండి ఆడించి రొట్టె చేయడం కూడా కాదు. గింజల్ని సున్నపు నీళ్ళలో కాసేపు ఉడికించి, రాత్రంతా అందులోనే ఉంచి, పొద్దున తొక్క పోయేలా కడిగి, అప్పుడు రుబ్బుతారు. ఇలా సున్నంలో నానిన గింజల్ని నిష్తమాల్ అంటారు. "సున్నమా? తాంబూలంలో వేసుకునేదేనా?" అంది మా ఆవిడ. అదే. సున్నం వల్ల పిండికి సాగే గుణం వస్తుంది, ఆ పిండి వాసనే వేరు. దాంతోపాటు మొక్కజొన్నలో ఉండే నయాసిన్ అనే విటమిన్ మన ఒంటికి పట్టేలా మారుతుంది. ఈ పద్ధతి తెలియకుండా మొక్కజొన్న మీదే బతికిన ఐరోపా ప్రాంతాల్లో, ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది.

మా వీధి చివర తొర్తియేరియా, అంటే తొర్తియాలు చేసి అమ్మే కొట్టు, ఉంది. కిలో 20 పెసోల పైచిలుకు. వేడివేడిగా కాగితంలో చుట్టి ఇస్తారు. అవి ఎంచిలాడాకి ఆ పూటే పనికిరావు, చిరిగిపోతాయి. నిన్నటివైతే మేలు. ఒక్కొక్కటీ కాగిన నూనెలో రెండు వైపులా కలిపి పది సెకన్లు ముంచి తీస్తే మెత్తబడుతుంది, చుట్టితే విరగదు, సాస్ తాగేసి నానిపోదు. నేను నూనె దండగని ఈ పని ఒకసారి మానేశాను. ఆ రాత్రి మేం తిన్నది ఎంచిలాడా కాదు, ఉప్మా.

ఇప్పుడు స్టఫింగ్. ఇక్కడ మీతో నాకు పేచీ లేదు, మీ పదకొండూ పెట్టుకోవచ్చు. మా ఇంట్లోనే నాలుగు రకాలు. అమ్మాయికీ అల్లుడికీ ఉడికించి పీచులుగా చీల్చిన కోడి. మనవరాలికి కేసో ఫ్రెస్కో, అంటే తాజా చీజ్. పొడిపొడిగా రాలుతుంది, కరగదు. మా ఆవిడకి ఉల్లిపాయతో వేయించిన పుట్టగొడుగులు, పాలకూర. నాకు ఉడికించిన బంగాళాదుంప, క్యారెట్. పక్కనే ఉన్న గ్వానాహ్వాతోలో గని కార్మికుల పేరు మీద ఎంచిలాదాస్ మినేరాస్ అని చేసే రకంలో ఈ రెండూ తప్పకుండా ఉంటాయి. నేను కనిపెట్టానని అనుకునేవాణ్ణి, ఆ ఊరు వెళ్ళాక పరువు పోయింది.

నాలుగు రకాలు చేస్తే ఒక చిక్కు ఉంది. సాస్ పడ్డాక అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒక రోజు మా ఆవిడ కోడి ఉన్నది ప్లేటులో వేసుకుని ఫోర్కు గుచ్చేసింది. అప్పట్నుంచి కోడివి గుండ్రంగా చుడతాను, శాకాహారంవి సగానికి మడుస్తాను. ఇక్కడ రెండు పద్ధతులూ ఉన్నాయి. సాస్‌లో కూడా ముందు మా ఆవిడవే ముంచుతాను. శాకాహారులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ చాలా ఇళ్ళలో సాస్‌ని నీళ్ళతో కాక కోడి ఉడికించిన రసంతో పల్చన చేస్తారు, లేదంటే చికెన్ పొడి వేస్తారు. డబ్బా బీన్స్‌లో పంది కొవ్వు ఉండొచ్చు. 'చికెన్ లేదు కదా' అని వెయిటర్ తల ఊపితే సరిపోదు, సాస్ సంగతి అడగాలి.

ముంచి, నింపి, మడిచి ప్లేటులో పెట్టి, మిగిలిన సాస్ పోసి, పైన పల్చటి పుల్ల క్రీమ్, పొడి చీజ్, ఉల్లి చక్రాలు. వెంటనే తినెయ్యాలి. ఓవెన్ అనేది మా వీధిలో చాలామందికి గిన్నెలు దాచుకునే అలమర. చీజ్ కరిగించి కాల్చే రకం లేదని కాదు, ఎంచిలాదాస్ స్విసాస్ అని ఉంది. అది పచ్చ సాస్‌తో, తొమతీయో అనే పొర కప్పుకున్న పుల్లటి పచ్చ కాయతో చేస్తారు. టెక్సాస్ వాళ్ళు పసుపు చీజ్‌తో ఓవెన్‌లో పెట్టేది వాళ్ళ పద్ధతి, దానికీ చరిత్ర ఉంది. కానీ వాళ్ళు కూడా మిరప గ్రేవీ పోస్తారు సార్, కెచప్ కాదు.

శాన్ లూయిస్ పొతోసీ అనే ఊళ్ళో అయితే మిరపని పిండిలోనే కలిపేసి, ఎర్రటి తొర్తియాని కజ్జికాయలా మడుస్తారు. లోపల చీజ్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. స్టఫింగ్ తగ్గినా పర్లేదు, మిరప తప్పదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు దొరకలేదు. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ వంటకి పునాది మొక్కజొన్న, బీన్స్, మిరప. మీ వంటకంలో ఈ మూడిట్లో ఒక్కటైనా ఉందా అని మళ్ళీ వెతికాను. పదకొండో స్టఫింగులో బీన్స్ కనిపించాయి.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, వచ్చే ఆదివారం సాస్ విధానం సరిచేసి వెయ్యండి. పైన రాసిన కొలతలు వాడుకోవచ్చు, నా పేరు అక్కర్లేదు. చోటు చాలదంటే స్టఫింగుల్లో ఏడెనిమిది కోసెయ్యండి.

ఇంకొకటి మర్చిపోయాను. మీరు వేసిన ఫొటోలో ఉన్నది బర్రీటో అనే ఇంకో వంటకం. అది కూడా మార్చండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
కెరెటారో, మెక్సికో