కూల్చి కడితే పన్ను లేదు, బాగుచేసుకుంటే 20 శాతం

సంపాదకుల వారికి నమస్కారం.

లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మనవాళ్లు కొనుక్కునే ఇళ్లు చాలావరకు నూరేళ్లు దాటినవి. ఇరుగుపొరుగులు ఉమ్మడి గోడ పంచుకుంటూ వీధి పొడవునా నిలిచిన వరుస ఇళ్లు. వెనక సన్నటి వంటగది, దాని పక్కన ఎండ చొరని సందు. ఆ సందును కలుపుకుని వంటగది వెడల్పు చేయించాలని అందరికీ ఉంటుంది. మేమూ చేయించాం. బిల్లు చేతికొచ్చాకే ఈ పన్ను సంగతి తెలిసింది.

ఇక్కడ కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. పాతదాన్ని నేలమట్టం చేసి అదే జాగాలో కొత్తది లేపినా సున్నాయే. ఉన్న ఇంటిని బాగుచేసుకున్నా, పెంచుకున్నా 20 శాతం. రెండేళ్లు ఎవరూ ఉండని ఇంటికైతే 5 శాతమే. దీపం పెట్టుకుని కాపురం చేసే ఇంటికి మాత్రం పూర్తి పన్ను! ఇదెక్కడి న్యాయం?

డబ్బు ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఖర్చుకు భయపడి జనం చౌక పని చేయించుకుంటారు. మాదీ అదే కథ. మా ఇంటివి సున్నంతో కట్టిన తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. కింద చెమ్మ కనిపిస్తే, వచ్చినవాళ్లు గోడలోకి మందు ఎక్కించి పైన సిమెంటు పూసి వెళ్లారు. రెండు చలికాలాలు తిరిగేసరికి చెమ్మ ఇంకా పైకి పాకింది, పిల్లల గదిలో బూజు పట్టింది. అసలు కారణం బయట ఉంది. ఎవరో ఎప్పుడో పెరటి నేల ఎత్తు చేసి, చెక్క నేల కిందికి గాలి పోయే కన్నాలు పూడ్చేశారు. మట్టి తీయించి, సిమెంటు రాలగొట్టించి మళ్లీ సున్నం పూయిస్తే గోడ ఆరింది. ఊళ్లో మా తాతగారి ఇల్లు గానుగ సున్నంతో కట్టిందే. ఆ గోడ తడి పీల్చి మళ్లీ వదిలేస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడికొచ్చి మరిచిపోయాం.

ఇల్లు వెచ్చగా ఉండేందుకు గోడలకు పొర వేయిస్తే 2027 మార్చి ఆఖరుదాకా వ్యాట్ లేదు. మంచిదే. కానీ తడి గోడ మీద ఆ పొర వేస్తే నష్టమే. గోడ తడవకుండా ముందుగా చేయించాల్సిన పైకప్పు పలకలకూ, ఇటుకల సందుల్లో సున్నానికీ 20 శాతం కట్టాల్సిందే.

లివర్‌పూల్‌లో వెల్ష్ స్ట్రీట్స్ అనే పాత వీధుల్లోని ఇళ్లను కూల్చేద్దామనుకున్నారు. 2015లో ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. తర్వాత అవే ఇళ్లను బాగుచేసి, కొన్నిచోట్ల రెండిటిని ఒకటిగా కలిపి అద్దెకిచ్చారు. ఆ వీధుల్లో మళ్లీ సంసారాలు సాగుతున్నాయి.

ఇంగ్లండు ఇళ్లలో దాదాపు ఐదోవంతు 1919కి ముందువే. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు బ్రిటన్‌లో ఓటు ఉంది. ఇక్కడి తెలుగువాళ్లను నేను కోరేది ఒక్కటే: ఇంటి మరమ్మతుల పన్నును అందరికీ 5 శాతానికి దించమని మీ ఎంపీకి ఉత్తరం రాయండి. నేను రాశాను.

– ఒక పాఠకురాలు, ఈస్ట్ హామ్, లండన్