విత్తన ప్రదర్శనలో గింజ బతికుండాలి, వివరం అచ్చులో ఉండాలి

గౌరవనీయులైన తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రభుత్వ సాయంతో జరిగే విత్తన కళాప్రదర్శనలకు రెండు షరతులు పెట్టండి. గింజ మొలకెత్తేలా ఉండాలి. దాని గుణగణాలు అచ్చులోకి ఎక్కాలి.

అచ్చు ఎందుకంటారా? పసుపుతో గాయం మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంటు, అంటే ఒకరికే చెందే హక్కు, ఇచ్చేశారు. ఇక్కడ ఇంటింటా దెబ్బకు పసుపు అద్దుతారన్న మాట అక్కడ చెల్లదు. బయటి దేశాల వాడుకకు అచ్చు ఆధారం ఉంటేనే అప్పటి వాళ్ల చట్టం ఒప్పుకునేది. మన దేశ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు, వ్యాసాలు ముందు పెట్టాకే 1997లో అది రద్దయింది. 2011లో అమెరికా విత్తన కంపెనీ మోన్‌శాంటోకు ఐరోపాలో దక్కిన ఖర్బూజ పేటెంటు 2016 దాకా నిలిచింది. అందులోని వైరస్‌ను తట్టుకునే గుణం భారతీయ ఖర్బూజ నుంచి తీసుకున్నదే. కంపెనీలు హక్కు అడిగేది ఇలాంటి గుణం మీద. ప్రదర్శనలో గింజ పక్కన పెట్టే చీటీ మీద ‘దేశవాళీ రకం’ అని రాసి వదిలేస్తే అది ఎందుకూ కొరగాదు.

కళాకారుడు, చిత్ర దర్శకుడు అమర్ కన్వర్ తన ప్రదర్శనలో ఒడిశా వడ్లు 250కి పైగా రకాలు పెట్టారు. జహీరాబాద్ పాత పంటల జాతరలో విత్తనాలు ఎడ్లబండ్లెక్కి ఊరూరా తిరుగుతాయి. చూసినవాళ్లు మర్చిపోలేని పని ఇది. దీనికి తేదీ వేసిన జాబితా తోడవ్వాలి.

చీటీ మీద స్థానిక పేరు, ఊరు, పంటకాలం, సేకరించిన తేదీ రాయాలి. ఏ తెగులును ఓర్చుకుంటుంది, వాన ఎన్నాళ్లు మొహం చాటేసినా నిలుస్తుంది అన్నది రైతు అనుమతితో, రైతు మాటల్లోనే ఉండాలి. అవే వివరాలతో పుస్తకం వేసి గ్రంథాలయాలకు పంపాలి. పేటెంటు దరఖాస్తు కంటే ముందు తేదీ ఉంటేనే అది అడ్డుపడుతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు.

ఇక గింజ సంగతి. బోర్డుకు జిగురుతో అంటిస్తే మొలక పోతుంది, గంజి వాడితే బూజు పడుతుంది. తేమ 8–10 శాతానికి దిగేదాకా నీడలో ఆరబెట్టి గాజుసీసాలో పోయాలి. కంది, పెసర, అలసందలతో ఇంకో చిక్కుంది. పెంకుపురుగు గుడ్లు చేలోనే అంటుకుని వస్తాయి, మూత బిగించాక లోపలే పొదిగి గింజను తొలిచేస్తాయి. బాగా ఆరిన గింజను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచితే అవి చస్తాయి. పచ్చి గింజను పెడితే మొలకే చస్తుంది. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, తీస్తే చెమ్మ పడుతుంది. వేడెక్కే దీపాల బదులు ఎల్‌ఈడీలు చాలు.

గుణాన్ని రుజువు చేయాల్సి వస్తే విత్తి చూపించాలి. అందుకే ప్రతి రకంలో కొంత ఆ రైతు దగ్గరే ఉంచే ఏర్పాటు, పుస్తకం అచ్చు ఖర్చు ఈ ఏడాది నిధుల్లోనే చేర్చండి.

ఇట్లు
విత్తన ప్రదర్శనలు కట్టే కళాకారులు, రైతులు