వ్యాసాలు రాసిపెట్టిన మాస్టారికీ, మిగతా ముగ్గురికీ

పోయిన ఏడాది ఎండాకాలంలో మా పక్షుల ఆశ్రయం కోసం తెలిసినవాళ్లందరినీ ఒక సాయం అడిగాను. గింజలు, పంజరాలు ఎలాగో సర్దుకుంటున్నాం, పక్షులను ఎలా చూసుకోవాలో తెలుగులో రాసిపెట్టేవాళ్లు ఉంటే చెప్పండి అని. నలుగురు ముందుకొచ్చారు. ఇప్పటికి తొమ్మిది వ్యాసాలు తయారయ్యాయి. వాళ్లకు ఫోన్‌లో ఎన్నోసార్లు థాంక్స్ చెప్పాను. అయినా వాళ్లు చేసిన పని ఏమిటో అందరికీ తెలియాలి, అందుకే ఇది రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో మేడ మీద రెండు గదుల్లో నడిచే చిన్న పక్షుల ఆశ్రయం. పెంచలేక ఇచ్చేసినవి, కిటికీలోంచి తప్పించుకుని ఎవరి బాల్కనీలోనో వాలినవి, జబ్బుపడ్డవి వస్తుంటాయి. ఎక్కువగా బడ్జీలు, కాకటీల్స్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుకలు). బడ్జీలనే మనవాళ్లు లవ్ బర్డ్స్ అంటారు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, బడ్జీలు ఆస్ట్రేలియావి. ఫోన్ చేసేవాళ్లది దాదాపు ఒకటే మాట: "నిన్నటిదాకా బాగానే ఉందండీ." పక్షి జబ్బును దాచుకుంటుంది. గుంపులో నీరసంగా కనిపించినదాన్నే డేగ ముందు తన్నుకుపోతుంది కదా, అందుకని ఓపిక ఉన్నంతవరకు మామూలుగానే కనిపిస్తుంది. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందంటే అప్పటికే ముదిరిపోయిందన్నమాట. ఇలాంటి సంగతులు ఇంగ్లీషులో కావలసినన్ని దొరుకుతాయి. ఖమ్మం నుంచో, తెనాలి నుంచో రాత్రి పదకొండింటికి కంగారుగా ఫోన్ చేసే అమ్మకు అవి ఏం ఉపయోగం?

మాస్టారు గుంటూరు జిల్లాలో హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను రాసిన మొదటి వ్యాసం దిద్దమని ఆయనకు పంపాను. "అధిక ఉష్ణోగ్రత వద్ద నాన్‌స్టిక్ పాత్రల పూత నుంచి వెలువడే వాయువులు పక్షులకు ప్రాణాంతకం" అని ఉంది అందులో. ఆయన ఫోన్ చేసి, "అమ్మా, నాన్‌స్టిక్ పాత్ర అంటే మన ఇళ్లలో ఏది?" అన్నారు. దోశెల పెనం అండీ అన్నాను. "అయితే అదే రాయి. అది అంతగా ఎప్పుడు కాలుతుంది?" స్టవ్ మీద ఖాళీగా పెట్టి మరిచిపోతే. "అదీ రాయి."

ఇప్పుడు ఆ వ్యాసం ఇలా మొదలవుతుంది: "దోశెల పెనం స్టవ్ మీద పెట్టి, గుమ్మం దగ్గర ఎవరితోనో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసరికి, వంటింటి పక్కన పంజరంలో పిట్ట పడిపోయి ఉండవచ్చు." అది చదివిన ఒకావిడ రెండు వారాల తర్వాత ఫోన్ చేశారు. పంజరాన్ని వంటింట్లోంచి వరండాలోకి మార్చారట. ఇప్పుడు పిల్లి రాకుండా ఏం చేయాలని అడగడానికి చేశారు. ప్రాణం మీదికి రాకముందే వచ్చిన ఫోన్ అది. మాట్లాడి పెట్టేశాక కళ్లనీళ్లు ఆగలేదు.

చలికాలంలో మాస్టారు కొడుకు ఇంటికి వచ్చి, ఒక పూట మా దగ్గరకూ వచ్చారు. ఆ రోజే ఎవరో ఒక రామచిలుకను అట్టపెట్టెలో పెట్టి మా గేటు దగ్గర వదిలి వెళ్లారు. రామచిలుక మన అడవి పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. అందుకని మేం ఉంచుకోం, అటవీ శాఖకు కబురు చేస్తాం. వాళ్లు వచ్చేదాకా మాస్టారు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రెండు రెక్కల ఈకలూ కత్తెరతో అడ్డంగా కోసేసి ఉన్నాయి. కోసిన చోట ఈకల కాడలు బోలుగా, అరిగిపోయిన చీపురు పుల్లల్లా కనిపిస్తున్నాయి. వాటి మధ్యలోంచి ఒకే ఒక్క కొత్త ఈక, పల్చటి తొడుగులో చుట్టుకుని మొలుస్తోంది. "ఇదేమిటమ్మా, రంగు వేరుగా ఉంది?" అన్నారు. అందులో నెత్తురు ఆడుతోందండీ, విరిగితే కారిపోతుంది అన్నాను. కోసిన ఈక మళ్లీ పెరగదు. అది రాలిపోయి, కొత్తది మొలవాలి. అన్నీ మొలిచేసరికి నెలలు పడుతుంది, అప్పటిదాకా అది ఎగరలేదు.

ఆ ఈక మీదే ఒక వ్యాసం మొత్తం రాశారు. గోల్కొండ బందీఖానాలో రామదాసు పన్నెండేళ్లు ఎందుకు మగ్గాడో పెద్దలు చెప్పే కథ అందులో పెట్టారు. పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకట. చిన్నప్పటి నుంచి వింటున్న కథే, నాకు మాత్రం ఏనాడూ తట్టలేదు. చట్టం గురించి నేను ఎంత చెప్పినా వినని ఒక కుటుంబం, ఆ వ్యాసం చదివి తమ చిలుకను తామే తీసుకెళ్లి అటవీ శాఖకు అప్పగించింది.

మిగతా ముగ్గురిలో, పశువైద్యం చదువుతున్న చెల్లెలు ప్రతి వాక్యం సరిచూసింది. పరీక్షల రోజుల్లో కూడా ఆలస్యం చేయలేదు. బడ్జీని వారానికోసారి వంటింటి డిజిటల్ కాటా మీద తూచమన్న సలహా తనదే. ముప్పై, నలభై గ్రాముల పిట్ట నాలుగు గ్రాములు తగ్గిందంటే కంటికి ఏమీ తెలియదు, కాటా చెబుతుంది. ఈ ఒక్క మాటతో మా దగ్గరే రెండు పిట్టలు దక్కాయి. బొమ్మలు వేసిన తమ్ముడు తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్ కింద వదిలిన కాకటీల్ బొమ్మ వేశాడు. దాని కింద ఒక్క అక్షరం కూడా రాయనక్కర్లేకపోయింది. చదవడం రానివాళ్ల కోసం డాలస్‌లో ఉన్న అక్క తొమ్మిదింటినీ తన గొంతుతో చదివి పంపింది. అక్కడ పిల్లలు పడుకున్నాక రికార్డు చేసేదట. మా అమ్మ ఆ ఆడియోలు రోజూ వింటుంది.

ఒక పక్షుల షాపాయన ఇప్పుడు ప్రతి జతతో పాటు ఆహారం మీద రాసిన వ్యాసాన్ని కరపత్రంగా ఇస్తున్నారు. ఒట్టి గింజలే పెట్టకుండా తోటకూర, క్యారెట్, మునగాకు కూడా పెట్టమని అందులో ఉంది. ఆయనకూ నా నమస్కారం.

కరపత్రాలు ఎవరైనా జిరాక్స్ తీసి పంచుకోవచ్చు. తమ పేర్లు వేయవద్దని నలుగురూ ముందే చెప్పారు, అందుకే ఇక్కడా రాయలేదు.

పదో వ్యాసం ఎండల గురించి. నిన్న రాత్రి మాస్టారు ఫోన్ చేశారు. "వేడికి తాళలేకపోతే పిట్ట రెక్కలు ఎలా పెడుతుందన్నావు, ఇంకోసారి చెప్పమ్మా." ఒంటికి ఆనించకుండా ఎడంగా పెట్టి, నోరు తెరుచుకుని రొప్పుతుందండీ అన్నాను. "ఉండు, రాసుకోనీ" అన్నారు.