సెనెగల్ దాకా వెళ్ళిన కంపెనీకి గుణుపురం దూరమా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ బిజినెస్ పేజీలో ఎరువుల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు విదేశాలకి వెళ్తున్నాయనీ, అక్కడ గనులు కొన్నాయనీ, ఫలానా దేశం కంపెనీని కలిపేసుకున్నాయనీ వార్తలు వస్తుంటాయి కదా, నేను అవి ఒక్కటి కూడా వదలను, ఎందుకంటే 22 ఏళ్ళు ఒక పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను, ఆంధ్రా బోర్డర్‌లో ఒడిశా వైపున్న గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి, రాయగడ అంతా నా బండి తిరిగిన ఏరియానే. ఆ వార్తల్లో ఎప్పుడూ రాని ఒక సంగతి ఉంది, బయటి దేశాల రైతుకి అర్థమయ్యేలా లేబుల్ వేసే కంపెనీలు ఇక్కడి రైతుకి మందు ఎంత వెయ్యాలో అర్థమయ్యేలా చెప్పటం లేదు, ఇక్కడంతా సీసా మూతల లెక్కే, అది రాద్దామని కూర్చున్నా. కొంచెం పొడుగవుద్ది, మీకు అడ్డమైతే కోసుకోండి, మూతల సంగతి మాత్రం కొయ్యొద్దు.

మామూలుగా జనం ఏమనుకుంటారంటే కంపెనీ ఫారిన్ వెళ్ళిందంటే సరుకు అమ్ముకోడానికని. ఎరువుల్లో అది తలకిందులు. మన ఎరువుల వాళ్ళు బయటికి పోయేది చాలామట్టుకు కొనుక్కోడానికే. మన దగ్గర పొటాష్ దాదాపు లేనట్టే, అంతా ఓడల్లో రావాల్సిందే, ఫాస్ఫేట్ రాయి ఉదయపూర్ వైపు కొంత ఉంది గానీ అది మన ఆకలికి ఏమూలకీ చాలదు, గంధకం కూడా బయటి నుంచి తెచ్చుకుంటాం, యూరియాకి కావాల్సిన గ్యాస్ కూడా చాలా వరకూ బయటిదే. అందుకని ఇఫ్కో, క్రిభ్‌కో అనే మన సహకార ఎరువుల సంస్థల వాళ్ళు ఒమన్ ప్రభుత్వం కంపెనీతో కలిసి సూర్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టారు, గ్యాస్ వాళ్ళది, 2005 నుంచి అక్కడ తయారైన యూరియా మనకొచ్చింది. జోర్డాన్‌లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్యాక్టరీలో ఇఫ్కోకి 52 శాతం. ట్యునీషియాలో ఇలాంటిదే ఇంకోటుంది, అందులో మన ఎరువుల కంపెనీలు కోరమాండల్‌కీ, గుజరాత్ స్టేట్ ఫెర్టిలైజర్స్‌కీ 15 శాతం చొప్పున వాటా. అదే కోరమాండల్ 2022లో ఆఫ్రికాలోని సెనెగల్‌లో ఫాస్ఫేట్ గనులున్న కంపెనీలో 45 శాతం కొంది, ఆ తర్వాత సగం దాటించింది. రాయి మోసుకొచ్చే బదులు అక్కడే యాసిడ్ చేసి తెస్తే ఓడలో బరువు తగ్గుద్ది, ఇందులో మర్మమేం లేదు. మరి వాటా ఎందుకు, డబ్బిచ్చి కొనుక్కుంటే పోలా అంటారేమో, 2021లో చైనా వాడు ఎగుమతులు బిగించినప్పుడు చూశాం కదా, డీఏపీ ఎరువు కట్ట కోసం మా వైపు జనం తెల్లారకముందే వచ్చి సొసైటీ గుమ్మంలో కూర్చున్నారు. అంగట్లో బేరం పెట్టేవాడికీ, పొలంలో వాటా ఉన్నవాడికీ కరువులో తేడా తెలుస్తుంది.

బయటివాళ్ళు మన వైపుకి కూడా ఇలాగే వచ్చారు లెండి. మా నాన్న దేన్నైనా గ్రోమోర్ అనే అనేవాడు, ఏ కంపెనీ కాంప్లెక్స్ ఎరువు కట్టయినా సరే, అంతగా పాతుకుపోయింది ఆ కోరమాండల్ పేరు. కోరమాండల్ వాళ్ళ విశాఖపట్నం ఫ్యాక్టరీ 1967లో మొదలైనప్పుడు అందులో మన పారీ కంపెనీ వాళ్ళతో పాటు ఇద్దరు అమెరికా వాళ్ళున్నారు, షెవ్రాన్ అనే చమురు కంపెనీ ఒకటి, ఐఎంసీ అని ఎరువుల కంపెనీ ఒకటి. ఇంకా తమాషా మా ఒడిశాలో పరాదీప్ ఎరువుల కంపెనీది. 1981లో భారత ప్రభుత్వంతో పొత్తు కలిసింది ఎవరనుకున్నారు, నౌరు అనే దేశం. పసిఫిక్ సముద్రంలో చిన్న దీవి, మొత్తం 21 చదరపు కిలోమీటర్లు, గుణుపురం బ్లాకులో ఒక మూలకి సరిపోద్ది. ఫాస్ఫేట్ తవ్వి అమ్మి ఒకప్పుడు బాగా డబ్బు చేసుకున్నారు, ఆ డబ్బుతో ఇక్కడిదాకా వచ్చారు, 1993లో వాటా వదిలేసి పోయారు, ఇప్పుడు ఆ దీవిలో తవ్వడానికి పెద్దగా మిగల్లేదు. 2002లో ప్రభుత్వం పరాదీప్‌లో పెద్ద వాటాని మన జువారీ వాళ్ళూ, మొరాకో ప్రభుత్వ ఫాస్ఫేట్ కంపెనీ ఓసీపీ వాళ్ళూ కలిసి పెట్టిన కంపెనీకి అమ్మింది. ప్రపంచంలో ఫాస్ఫేట్ నిల్వలు అందరికంటే ఎక్కువ మొరాకోలోనే, వాడికి రాయి అమ్ముడవ్వాలి, మనకి రాయి కావాలి, పెళ్ళి కుదిరింది. ఇదంతా తప్పని నేనటం లేదు, యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలకి రైతుకి దొరుకుతుందంటే దాని వెనక సబ్సిడీ ఎంతుందో, ఈ పరుగు ఎంతుందో మాకు తెలుసు.

పురుగుమందుల వాళ్ళ దారి వేరు. వీళ్ళు నిజంగా అమ్మడానికే వెళ్తారు. ఒక మందు మీద పేటెంటు అయిపోయిందంటే దాన్ని చవగ్గా తయారు చెయ్యడంలో మనవాళ్ళని మించినోళ్ళు తక్కువ. కానీ తయారు చెయ్యడం ఈజీ, ఇంకో దేశంలో అమ్మడం కష్టం, ఎందుకంటే ప్రతి దేశంలో రిజిస్ట్రేషన్, అంటే ఆ మందు అమ్ముకోడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి, కావాలి. బ్రెజిల్‌లో అయితే వ్యవసాయ శాఖ, ఆరోగ్యం వాళ్ళు, పర్యావరణం వాళ్ళు, ముగ్గురూ చూడాలి. ఏళ్ళు పడుద్ది. దానికి షార్ట్‌కట్ ఏంటంటే అక్కడ ఆల్రెడీ రిజిస్ట్రేషన్లు చేతిలో ఉన్న కంపెనీని కొనెయ్యడం, అప్పుడు కాయితాలూ, డీలర్లూ, పేరూ అన్నీ ఒక్క దెబ్బలో వస్తాయి. 1969లో గుజరాత్‌లో ఎర్ర భాస్వరంతో మొదలైన యూపీఎల్ అనే మన పురుగుమందుల కంపెనీ ఈ కొనుగోళ్ళతోనే పెరిగింది, 2019లో అరిస్టా అనే కంపెనీని 420 కోట్ల డాలర్లు పెట్టి తీసుకుంది. ఇప్పుడు 130కి పైగా దేశాల్లో అమ్ముతున్నారు. మనవాళ్ళు ఆ స్థాయికెళ్ళినందుకు నాకూ ఛాతీ పొంగుద్ది, అబద్ధమెందుకు.

ఇక నా సంగతి. సర్వీసులో ఉండగా ఒకసారి మమ్మల్ని ట్రైనింగ్‌కని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళారు, ఏ కంపెనీ అనేది వదిలెయ్యండి. గోడౌన్‌లో ఒక వైపు ఎగుమతి సరుకు పేర్చి ఉంది. నీలం డ్రమ్ములు, డబ్బాలు, వాటి మీద బ్రెజిల్ కోసం పోర్చుగీసు భాషలో లేబుళ్ళు, అడుగున రంగు పట్టీ, ఆ పట్టీలో వరసగా బొమ్మలు, గ్లవ్స్ వేసుకున్న చెయ్యి, ముక్కుకి మాస్కు, చేతులు కడుక్కోవడం, గడియలేసిన బీరువా. నాకు ఒక్క ముక్క పోర్చుగీసు రాదు, అయినా బొమ్మలు చూసి ఈ మందు ఎలా వాడాలో నేను చెప్పేశాను. పక్కనే మన దేశం కోసం సరుకు ఉంది, అదే మందు, దాని లోపల పెట్టే కరపత్రం మందుల చీటీ కంటే సన్నటి అక్షరాల్లో ఎనిమిది మడతలు. అక్కడున్న ఆఫీసర్ని అడిగా, సార్ మనకి కూడా ఇలా పెద్దగా వెయ్యొచ్చు కదా అని. ఆయన నవ్వి, అక్కడ వెయ్యకపోతే కంటైనర్ వెనక్కొచ్చేస్తది, ఇక్కడ ఎవరు వెనక్కి పంపుతారయ్యా అన్నాడు. మంచాయనే, ఉన్నమాటే చెప్పాడు.

ఇప్పుడు గుణుపురం షాపుకి రండి. పోయిన సీజన్‌లో మా వీధి చివర డీలరు దగ్గర కూర్చున్నా, వంశధార అవతల ఊరి నుంచి సవర తెగ ఆమె ఒకామె ఖాళీ సీసా పట్టుకొచ్చింది, పత్తికి పచ్చదోమ. తెలుగూ ఒడియా కలిపి మాటాడింది, "ఇదే ఇయ్యి బాబూ, ఎన్ని మూతలెయ్యాల?" అనడిగింది. షాపు కుర్రాడు తలెత్తకుండానే "ట్యాంకుకి రెండు మూతలు" అన్నాడు. ఆమె వెళ్ళిపోయాక సీసా తీసి కరపత్రం చదివాను, కళ్ళజోడు పెట్టుకున్నా సరిపోక ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదవాల్సొచ్చింది. హెక్టారుకి 250 మి.లీ., 500 లీటర్ల నీళ్ళలో. హెక్టారంట. మా వైపు హెక్టారు పేరు పట్టా కాయితంలో తప్ప ఎవరి నోటా వినపడదు, అందరిదీ ఎకరాల లెక్క. సరే రెండున్నర ఎకరాలు అనుకుంటే ఎకరానికి 100 మి.లీ., 200 లీటర్ల నీళ్ళు, మన ట్యాంకు 16 లీటర్లది కాబట్టి ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు, అంటే ట్యాంకుకి 8 మి.లీ. నేను 22 ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, కాయితం పెన్ను పెట్టుకుని వేస్తే తేలింది. ఎండలో గట్టు మీద ఆ సవర ఆమె ఎలా వేసుద్ది?

ఆ మూత ఇంటికి తెచ్చి మెడికల్ షాపులో సిరంజి కొని నీళ్ళతో కొలిచాను. 12 మి.లీ. పట్టింది. రెండు మూతలంటే 24, అంటే వెయ్యాల్సిన దానికి మూడింతలు. ఇంకో రెండు కంపెనీల మూతలు కూడా కొలిచాను, ఒకటి 7, ఇంకోటి 25. మూత మూతకీ ఇంత తేడా, అయినా మా ఏరియా మొత్తం నడిచేది మూత లెక్క మీదే. ఎందుకు వచ్చిందీ లెక్క అంటే నేనే నేర్పాను. నాలాంటి వాళ్ళం నేర్పాం. రైతుకి హెక్టారు చెప్తే అర్థం కాదు, మూత చెప్తే అర్థమవుద్ది, పైగా మూతలు ఎక్కువైతే సీసాలు ఎక్కువ కదులుతాయి, టార్గెట్ దాటుద్ది, టార్గెట్ దాటిన డీలర్‌ని కంపెనీ బ్యాంకాక్ తీసుకెళ్ళేది. గుణుపురం నుంచి పాస్‌పోర్టు తీసిన మొదటివాళ్ళలో మందుల షాపుల వాళ్ళు ఉన్నారంటే ఊళ్ళో నవ్వుతారు గానీ నిజం. ఇంకొకటి, డబ్బా మీద డైమండ్ బొమ్మలో కింద సగం రంగు ఉంటుంది చూశారా, ఎరుపు అంటే అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. "ఎర్రదుందా, పవర్ బాగుంటది" అని అడిగి మరీ కొన్నవాళ్ళని చూశాను. ఆ రంగు అర్థమేంటో చెప్పి సీసా వెనక్కి పెట్టించిన రోజు నా సర్వీసులో లేదు, సిగ్గుపడే రాస్తున్నా.

ఇక భాష. 1971 నాటి పురుగుమందుల రూల్స్‌లో ఏముందంటే కరపత్రం ఇంగ్లీషు, హిందీతో పాటు సరుకు అమ్ముడయ్యే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు ప్రాంతీయ భాషల్లో ఉండాలని. అంటే రెండు భాషలు వెయ్యడానికి రూలే దారి ఇచ్చింది. కానీ కంపెనీలు రాష్ట్రం లెక్కన సరుకు పంపుతాయి, శ్రీకాకుళం డిపోకి వెళ్ళిన సీసాలో తెలుగు, ఒడిశా డిపో సీసాలో ఒడియా, మధ్యలో మేము. మా ఇంట్లోనే చూడండి, నేను తెలుగు బడిలో చదివాను, నా మనవడు ఒడియా మీడియం, వాడికి తెలుగు మాటాడ్డం వచ్చు, చదవడం రాదు. వాడు ఒడియా చదివి నోటితో తెలుగులో చెప్తే నేను విని లెక్క వెయ్యాలి, ఇద్దరం ఉంటే గానీ ఒక సీసా పూర్తవదు. సవర వాళ్ళకి ఆ ఇద్దరు కూడా లేరు. కంపెనీ టోల్ ఫ్రీ నంబర్‌కి చేస్తే మా సిమ్ము ఒడిశాది కాబట్టి ఒడియా కోసం ఒకటి నొక్కండి, హిందీ కోసం రెండు నొక్కండి. తెలుగు లేదు. ఆ కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో! ఆంధ్రాలో పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది దాటి ఒడిశాలో పర్లాకిమిడి రావడం పోర్చుగీసు నేర్చుకోవడం కన్నా కష్టమయిందన్నమాట.

ఒడియా తీసేసి తెలుగు పెట్టమని నేనడగటం లేదు, అలా అర్థం చేసుకుని ఎవరూ గొడవ పెట్టకండి, ఇక్కడ ఒడియా ఉండాల్సిందే. పక్కన ఇంకో భాష, అంతకంటే ముందు బొమ్మలు.

ఇదేం చిన్న విషయం కాదు. మహారాష్ట్రలో, మన ఆదిలాబాద్ ఆనుకునే యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా పోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ప్రభుత్వం విచారణ కూడా వేసింది. రాయగడ జిల్లాలోనూ పత్తి తక్కువేం కాదు, కొట్టేవాళ్ళు కూలికొచ్చినవాళ్ళు, చొక్కా లేకుండా, లుంగీ ఎగ్గట్టి, వీపు మీద ట్యాంకు కారుతూ ఉంటుంది. ఫారిన్ వ్యాపారంలో ఇంకో ముఖం కూడా ఇక్కడే కనపడుద్ది. పారాక్వాట్ అనే కలుపు మందు యూరప్‌లో 2007లోనే ఆపేశారు, ఇంగ్లాండ్‌లో వాళ్ళ రైతులు వాడకూడదు గానీ అక్కడి హడర్స్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో తయారు చేసి బయటి దేశాలకి పంపుతూనే వచ్చారు. వాళ్ళు మనకి చేసింది చూసి తిట్టుకుంటాం, రేపు మన కంపెనీ ఆఫ్రికాలో ఏదో ఊరికి వెళ్ళి అక్కడ రైతుకి మూత లెక్క చెప్తే? ఇక్కడ అలవాటైంది అక్కడికీ వెళ్ళకుండా ఉంటుందా?

నేనడిగేవి పెద్ద ఖర్చు పనులు కావు. సీసాతో పాటు గీతలున్న కొలత కప్పు ఇవ్వాలి, దగ్గు మందుకి ఇస్తున్నారు కదా, 60 రూపాయల సిరప్‌కి ఇచ్చేది 900 రూపాయల విషానికి ఇవ్వలేరా. డోసు ఎకరానికి ఎంత, 16 లీటర్ల ట్యాంకుకి ఎంత అని సీసా మీదే పెద్దక్షరాల్లో కొట్టాలి. బోర్డర్ బ్లాకులకి వచ్చే సరుకులో రెండు భాషల కరపత్రం పెట్టాలి, గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి, అటు పక్క మహారాష్ట్రలో సిరొంచ లాంటి చోట్లకి. ఇన్‌స్పెక్టర్లు శాంపిల్ తీసేటప్పుడు మందులో కల్తీ ఒక్కటే కాదు, ఆ కరపత్రం అక్కడి మనిషికి చదవడానికి వచ్చేదేనా అని కూడా చూడాలి.

మీకూ ఒక విన్నపం. ఈసారి ఏ కంపెనీ అయినా ఫలానా దేశంలో అడుగుపెట్టాం అని ప్రెస్‌మీట్ పెడితే, అక్కడ లేబుల్ ఏ భాషలో వేస్తున్నారు, డోసు ఏ కొలతలో ఇస్తున్నారు, ఇక్కడ ఎందుకు అలా వెయ్యటం లేదు అని మీ రిపోర్టర్ చేత ఒక్క ప్రశ్న అడిగించండి. జూన్‌లో వానలు పడి పత్తి గింజ వేసేలోపు వీలైతే ఒక మనిషిని మా వైపు పంపండి, నౌపడా నుంచి గుణుపురం రైలుంది, స్టేషన్‌కి నేనే వస్తాను. మూడు మూతలూ, సిరంజీ ఒక హార్లిక్స్ సీసాలో వేసి ఉంచాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫీల్డ్ ఆఫీసర్,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా