మానసిక స్వస్థత విభాగం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, కాలనీ వాసులందరికీ నమస్కారములు.

మన సంక్షేమ సంఘం మానసిక స్వస్థత విభాగం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేసిన పనిని ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. విభాగం ఉద్దేశాలు మీ అందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్లీ రాయడం లేదు. ఈ సంవత్సరం మనల్ని అన్నిటికంటే ఎక్కువగా కదిలించినది మన గ్రూప్ థెరపీ బృందంలోని మిత్రుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు సారు మరణం. మన బృందం దేనికి పనికివస్తుందో తేల్చినది ఆయనను మనం తలచుకున్న తీరు. అందువల్ల ఈ నివేదికలో దానికే ఎక్కువ చోటు ఇచ్చాను. బృందంలో మాట్లాడుకున్నది బయటకు రాకూడదన్న నియమాన్ని పాటించి ఎవరి పేరూ రాయలేదు. ఇక్కడ పేర్కొన్న మాటలన్నీ వాటిని అన్నవారు అనుమతించిన తరువాతే చేర్చినవి.

బృంద సమావేశాలు

నెలలో రెండవ, నాల్గవ ఆదివారాలు ఉదయం కమ్యూనిటీ హాలు పైగదిలో గంటన్నర పాటు జరిగే గ్రూప్ థెరపీ ఈ సంవత్సరమూ కొనసాగింది. ఎనిమిది మంది నుంచి పది మందికి మించకుండా, శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు గారి ఆధ్వర్యంలో ఇది జరుగుతుంది. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వరు, ఎవరి మాటకూ అడ్డుపడరు, తన సంగతి తానే చెప్పుకుంటారు. ఈ పద్ధతికి మూలాలు 1905లో బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు క్షయ రోగులను ఒకచోట కూర్చోబెట్టి నడిపిన తరగతులలో ఉన్నాయని సైకాలజిస్టు గారు ఒకసారి వివరించారు. క్షయకు మందులేని రోజుల్లో, తన బాధ తనకొక్కడికే వచ్చినది కాదని తెలియడమే ఆ రోగులకు పెద్ద బలమైందని విన్నప్పుడు, హైదరాబాద్ ఎర్రగడ్డలో క్షయకు చికిత్స చేసే ఛాతీ ఆసుపత్రి చుట్టుపక్కల జీవితమంతా గడిపిన మన పెద్దలకు ఆ సంగతి వెంటనే మనసుకు పట్టింది.

ఎర్రగడ్డ ప్రస్తావన వచ్చింది కనుక ఒక విషయం చెప్పక తప్పదు. అక్కడి రైతుబజారుకు మనం సంచులు పట్టుకొని నిత్యం వెళ్తాము, కానీ అదే ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం పేరు నేటికీ మన ఇళ్లలో తిట్టుగానే వినిపిస్తోంది. ఆ భయం వల్లనే ఈ సంవత్సరం కూడా ఇద్దరు ముగ్గురు సభ్యులు మెట్ల దాకా వచ్చి వెనుదిరిగారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వ సేవల్లో మానసిక చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కు అని, ఆరోగ్య బీమాలో శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలనూ చూడాలని అది చెబుతోంది. బీపీ మాత్ర కోసం వెళ్లినట్టే నిద్ర పట్టనందుకూ డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మన కాలనీలో రావాలని నా గట్టి కోరిక.

సారును తలచుకున్న సమావేశం

మనమంతా సారు అని పిలుచుకున్న మిత్రుడు, విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, గత శ్రావణ మాసంలో గుండెపోటుతో కన్నుమూశారు. బృందం మొదలైన నాటి నుంచి ఉన్నవారు ఆయన. కొత్తగా వచ్చినవారు గోడవైపు కుర్చీలో ముడుచుకొని కూర్చుంటే ఆయన లేచి వెళ్లి పక్క కుర్చీలో కూర్చునేవారు, అంతకు మించి ఏమీ అనేవారు కాదు.

ఆయన పోయిన తరువాత మాకు అర్థమైన విషయం ఒకటి ఉంది. చనిపోయినవారి కుటుంబానికి మైల ఉంటుంది, మూడో రోజు పిట్టకు పెట్టడం ఉంటుంది, దశదిన కర్మ ఉంటుంది, పలకరించడానికి వచ్చే బంధువులు ఉంటారు. ఏళ్ల తరబడి తెల్లవారుజామున పక్కన నడిచిన స్నేహితుడికి మాత్రం వీటిలో ఏదీ ఉండదు. శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, మర్నాటి నుంచి మామూలుగా తిరగాలి. నీకేమవుతాడని అడిగితే జవాబు చెప్పడానికి చుట్టరికం కూడా ఉండదు. ఇటువంటి దుఃఖాన్ని సమాజం గుర్తించని దుఃఖంగా కెనెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే వివరించారని సైకాలజిస్టు గారు చెప్పారు. మన బృందంలో ప్రతి ఒక్కరూ ఆ స్థితిలోనే ఉన్నారు.

ఆయన మరణం తరువాత జరిగిన మొదటి సమావేశంలో కుర్చీలు తగ్గించవద్దని, ఆయన కుర్చీని అలాగే ఉంచమని సైకాలజిస్టు గారు సూచించారు. "సారు మన మధ్య లేరు" వంటి మాటలతో సరిపెట్టకుండా, "సారు చనిపోయారు" అని ఆమె స్పష్టంగా పలికి సమావేశం మొదలుపెట్టారు. ఏడుపు వస్తుందని అనుకున్నాం, ముందు వచ్చింది కోపం. మందులు సరిగా వేసుకోలేదని ఒకరు, ఛాతీలో నొప్పి అని వారం ముందే చెప్పి ఉండవలసిందని మరొకరు ఆయన మీదే మండిపడ్డారు. చనిపోయే ముందు రోజు సాయంత్రం సారు ఫోన్ చేస్తే తరువాత మాట్లాడవచ్చులే అని ఎత్తని సభ్యుడు చాలాసేపు తల దించుకొనే ఉన్నారు. ఇందులో నీ తప్పేమీ లేదని చెప్పి ఆయనను తొందరగా ఊరడించడానికి మాలో కొందరం సిద్ధమయ్యాము, కానీ సైకాలజిస్టు గారు మమ్మల్ని ఆపి, ఆ ఫోను ఎత్తి ఉంటే ఏమి మాట్లాడుకునేవారని అడిగారు. "ఏమున్నది, రేపు నడకకు వస్తున్నవా అని అడుగుతుండె, వస్తున్న సారూ అంటుంటి," అన్నారాయన. ఆ మాట అన్న తరువాతనే ఆయన కంట నీరు వచ్చింది.

దుఃఖానికి ఐదు దశలుంటాయని, అవి వరుసగా దాటాలని మాలో చాలామంది ఎక్కడో విని ఉన్నాము. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే వైద్యురాలు చెప్పిన ఆ దశలు తమ మరణాన్ని ఎదుర్కొంటున్న రోగులను చూసి రాసినవని, వెనుక మిగిలిన ప్రతివారూ ఆ వరుసలోనే నడవాలని లేదని సైకాలజిస్టు గారు వివరించారు. ఒక పూట దుఃఖంలో మునగడం, మరో పూట కరెంటు బిల్లు కట్టడానికి వెళ్లడం, ఈ రెండింటి మధ్య మనిషి అటూ ఇటూ తిరగడమే సహజమని స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన ఆలోచన మాకు ఎంతో ఊరట ఇచ్చింది. నెలలు గడిచినా తీవ్రత తగ్గక, రోజువారీ బతుకే ఆగిపోతే మాత్రం దానికి విడిగా చికిత్స ఉందని కూడా ఆమె చెప్పారు. మన సభ్యులలో ఒకరిని ఆ విధంగా వైద్యుల దగ్గరికి పంపించాము, వారు ఇప్పుడు కుదుటపడ్డారు.

2024 అక్టోబరు 2న పెత్తరమాస, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి. ఆ రోజే సారును తలచుకోవాలని బృందం నిర్ణయించింది. పెత్తరమాస ఇంటి పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు కదా, స్నేహితుడికి చేయవచ్చునా అని కొందరు సందేహించారు. పౌరోహిత్యం చేసిన మన పెద్దాయన ఒకరు, మహాలయ పక్షంలో వదిలే తర్పణాలలో గురువుతో పాటు సఖుడికీ చోటు ఉందని చెప్పి ఆ సందేహం తీర్చారు. ఉదయం ఎవరి ఇళ్లలో వారి కార్యక్రమాలు ఉంటాయి, సాయంత్రం ఆడపడుచులు ఎంగిలిపూల బతుకమ్మకు వెళ్లాలి కనుక మధ్యాహ్నం మూడు గంటలకు సమావేశం పెట్టాము.

దానిని రెండు భాగాలుగా జరపడానికి కారణం ఉంది. సారు బృందంలో చెప్పుకున్న మాటలు ఆయన మరణించినంత మాత్రాన అందరివీ అయిపోవు. అందుకే మొదటి గంట బృంద సభ్యులం మాత్రమే తలుపు వేసుకొని కూర్చున్నాము. పొగడ్తల ఉపన్యాసాలు వద్దని, ఆయనతో జరిగిన ఒక నిజమైన సంఘటన మాత్రమే ప్రతి ఒక్కరూ చెప్పాలని ముందే అనుకున్నాము. క్యారమ్స్‌లో ఓడిపోతే ఆయన ముఖం ముడుచుకోవడం, కాలనీ ఎన్నికల నాడు ఒకరితో గొడవపడి ఆరు నెలలు మాట్లాడకపోవడం, ఆ తరువాత అదే మనిషి ఇంటికి వెళ్లి మనుమరాలికి భిన్నాలు నేర్పడం, అన్నీ బయటకు వచ్చాయి. ఆ గొడవపడిన సభ్యుడే ఈ సంగతి చెప్పడం వల్ల సారు మా ముందు దేవుడిగా కాక మనిషిగా నిలిచారు.

రెండవ భాగంలో సారు సతీమణి, కుమారుడు వచ్చారు. అమ్మ గారు కూర్చోగానే, ఆయన ఇక్కడ ఏమి మాట్లాడేవారో చెప్పమని మమ్మల్ని అడిగారు. నియమం తెలిసినా ఆమె ముఖం చూసి కాదనడం మాలో ఎవరికీ చేత కాలేదు. అప్పుడు సైకాలజిస్టు గారు, ఆయన మాటలు చెప్పలేమని, ఆయన మాకు ఏమయ్యారో మాత్రం ప్రతి ఒక్కరం చెప్పగలమని వినయంగా వివరించారు. ఒక్కొక్కరం చెప్పాము. అన్నీ విన్న తరువాత అమ్మ గారు, "నాకు చెప్పనివి మీకు చెప్పుకున్నడని ఇన్నాళ్లు మనసుల కోపం పెట్టుకున్న, ఇక్కడ కూసుంటే ఎందుకు చెప్పుకున్నడో తెలుస్తున్నది," అన్నారు. తరువాతి నెల నుంచి ఆమె మహిళా బృందానికి క్రమం తప్పకుండా వస్తున్నారు. మన సంఘం చరిత్రలో ఇంతకంటే మంచి కార్యక్రమం జరగలేదని కార్యదర్శిగా గర్వంతో రాస్తున్నాను.

సారుతో రోజూ నడిచే మిత్రుడు నడకే మానేశారు. చలికాలం తగ్గిన తరువాత, దారి మార్చి, మరొక సభ్యుడిని వెంటబెట్టుకొని మళ్లీ మొదలుపెట్టారు. ఆ సభ్యుడు బృందంలోనే పరిచయమైనవారు.

ఆరోగ్యకరమైన సంబంధాల తరగతులు

మహిళా విభాగం చొరవతో జరిగిన ఈ తరగతులకు దంపతులు అనుకున్నదానికంటే ఎక్కువగా వచ్చారు. పదవీ విరమణ తరువాత రోజంతా ఇంట్లోనే ఉండే భర్త, వంటింట్లో ఆయన కొత్తగా చేసే తనిఖీలు, అమెరికాలోని పిల్లల ఫోను కోసం రాత్రి దాకా ఎదురుచూపులు, అత్తాకోడళ్ల మౌనాలు చర్చకు వచ్చాయి. బంధాన్ని పాడుచేసేవిగా జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుర్తించిన నాలుగు అలవాట్లు, అంటే మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, ప్రతి మాటకూ తనను సమర్థించుకోవడం, మాట్లాడకుండా గోడ కట్టుకోవడం, చాలా ఇళ్లలో చర్చకు దారితీశాయని విన్నాము. చులకన వీటిలో అన్నిటికంటే హానికరమైనదని తెలిసిన తరువాత నలుగురిలో భార్యను వెక్కిరించే అలవాటు మానుకున్నామని ఇద్దరు పెద్దలు స్వయంగా చెప్పారు. కొట్టడం, బెదిరించడం ఉన్న చోట మాత్రం సర్దుకుపొమ్మని ఈ విభాగం ఎన్నడూ చెప్పదు; దానికి 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఉంది, మహిళల సహాయ నంబరు 181 ఉంది. ఒంటరి వృద్ధులకు సహాయ నంబరు 14567, మనసు బాగోలేని ఎవరికైనా 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న ఫోను సలహా సేవ టెలీ మానస్ 14416 ఉన్నాయి. ఈ నంబర్లను ప్రతి లిఫ్టు దగ్గరా అంటించాము. ఇంటర్ ఫలితాల వారంలో దయచేసి ఎవరూ వాటిని చింపవద్దు.

జరగని కార్యక్రమం, రాని మనుషులు

అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ఉపన్యాసం ఏర్పాటు చేస్తామని సంబంధిత కార్యాలయం వారు మాట ఇచ్చారు. ఆ రోజు సద్దుల బతుకమ్మ అని, తేదీ మార్చమని రాతపూర్వకంగా కోరినా వారు అంగీకరించలేదు. కుర్చీలు వేసి, బ్యానరు కట్టి ఎదురుచూస్తే వక్త రాలేదు, కబురూ రాలేదు. ఆ తరువాత రాసిన ఉత్తరాలకు నేటికీ జవాబు లేదు.

మన వాలంటీర్ల విషయం అంతకంటే బాధాకరం. గత సర్వసభ్య సమావేశంలో చప్పట్ల మధ్య చేతులెత్తినవారిలో చాలామంది ఒక్క ఆదివారం కూడా రాలేదు. హాలు తాళం తీయడం, నీళ్లు పెట్టడం, మోకాళ్ల నొప్పులున్నవారిని మెట్లు ఎక్కించడం ఏడాది పొడవునా అవే నాలుగు చేతుల మీద నడిచాయి. పని ఉంటే రాలేమని ముందుగా చెప్పడం కూడా బాధ్యతేనని ఆ మిత్రులు గ్రహించాలి.

ఖాతాలు

ఆదాయ వ్యయాల పట్టిక తనిఖీ పూర్తయి కోశాధికారి గారి వద్ద ఉంది, సమావేశంలో చదివి వినిపిస్తారు. సైకాలజిస్టు గారి ప్రయాణ ఖర్చు, టీ, జిరాక్సులు తప్ప చెప్పుకోదగ్గ వ్యయం లేదు. బకాయి చందాలు వెంటనే చెల్లించవలసిందిగా మనవి.

కృతజ్ఞతలు

ఫీజు తీసుకోకుండా సంవత్సరమంతా వచ్చిన సైకాలజిస్టు గారికి, ప్రతి అవసరంలో అండగా నిలిచిన అధ్యక్షుల వారికి, మహిళా విభాగం సోదరీమణులకు, తర్పణం సందేహం తీర్చిన పెద్దాయనకు, పెత్తరమాస నాడు తమ ఇంటి పని మానుకొని కుర్చీలు సర్దిన యువకులకు, టీ కాచి ఇచ్చిన మూడో వీధి అక్కకు, హాలు ఊడ్చే మా తమ్ముడికి, అన్నిటికంటే మించి తలుపు తెరిచి మమ్మల్ని నమ్మిన సారు కుటుంబానికి విభాగం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

సమావేశం ఆమోదానికి

మోకాళ్ల నొప్పులున్నవారి కోసం బృందాన్ని పైగది నుంచి కింది గదికి మార్చడానికి అనుమతి కోరుతున్నాను. 2025లో పెత్తరమాస సెప్టెంబరు 21, ఆదివారం నాడు వస్తోంది. స్నేహితుడినో స్నేహితురాలినో పోగొట్టుకొని ఆ దుఃఖం చెప్పుకునే చోటు లేని సభ్యులు ఎవరైనా ఆ మధ్యాహ్నం మూడు గంటలకు రావచ్చునని, దీనిని ఏటా జరపాలని ప్రతిపాదిస్తున్నాను. ఆ రోజు సహాయం చేయదలచినవారు ఆగస్టు నెలాఖరులోగా సంఘం కార్యాలయంలోని పుస్తకంలో పేరు, ఏ గంట నుంచి ఏ గంట వరకు ఉండగలరో రాసి సంతకం చేయాలి.

ఇట్లు,
కార్యదర్శి,
మానసిక స్వస్థత విభాగం